లారీ కింద వాక్యం

నలభై మూడు నోటు పుస్తకాలు.
నలభై ముగ్గురు నాన్నలు.
మై ఫాదర్ ఈజ్ ఎ పెయింటర్.
మై ఫాదర్ ఈజ్ ఎ గుడ్ మ్యాన్.
మై ఫాదర్ లైక్స్ టీ.
ప్రతి వాక్యం మై ఫాదర్‌తోనే నిద్ర లేస్తుంది,
చుక్క పెట్టగానే పడిపోతుంది,
పక్క లైన్లో మళ్ళీ మై ఫాదర్.
తెల్లారి ఆటోనగర్ గేటు దగ్గర లారీల్లా
ఒకదాని వెనక ఒకటి,
అన్నిటి ముక్కూ ఒకే వైపు.

తప్పులు లేవు. అదే బాధ.
ఎర్రపెన్ను ఎక్కడ ఆనించాలో తెలియక
మూత పెట్టాను, మళ్ళీ తీశాను.

మర్నాడు చెప్పాను:
వాక్యాన్ని రోజూ ఒకే తలుపులోంచి పంపకండి,
ఎప్పుడో, ఎక్కడో, దాంతో మొదలెట్టి చూడండి.
అండర్ ద బెంచ్ లే ఎ బాల్ అని బోర్డు మీద రాశాను.
తరగతి మొత్తం తలూపింది.
తలూపడంలో వాళ్ళు నన్నెప్పుడూ నిరాశపరచలేదు.

నిజం చెప్పొద్దూ,
పొడుగు వాక్యం రాని పిల్లాడు లేడు నా క్లాసులో.
యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ అని ఎత్తుకుని,
కామా కూడా మర్చిపోకుండా,
ఐ యామ్ అనేబుల్ టు అటెండ్ ద స్కూల్ అని దించుతారు
నాలుగో తరగతి నుంచీ.
జ్వరం వస్తే వచ్చే ఇంగ్లీషు
ఒళ్ళు బాగుంటే రాదు.

ఇంతలో వెనక బెంచీలో గొడవ.
"గిల్లాడు టీచర్ వీడు నన్ను!" హెప్సిబా.
"నన్నే టీచర్ ముందు గిల్లింది ఇది!" పైడిరాజు.
"కిటికీలోంచి చూశా టీచర్ ఇద్దర్నీ"
ఎవడో, అడక్కుండానే సాక్షి.

సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయాను.
ఎవరికి ఎక్కడ నొప్పెడితే
అక్కణ్ణుంచే మొదలైంది వాక్యం.
బీయీడీలో ఇది నాకెవరూ చెప్పలేదు.
మూడు ఫిర్యాదులూ బోర్డెక్కించాను.
కేసు పెద్దదైపోయిందని హెప్సిబా ఏడవబోయింది.
"కాదే, పాఠమే ఇది."

తెలుగులో క్రియ పెళ్ళివారింటి పెద్ద,
అందరూ తిన్నాక ఆఖరి బంతిలో కూర్చుంటుంది.
ఇంగ్లీషులో దానికి అంత ఓపిక లేదు,
రెండో విస్తరి దానిదే.
అయినా అక్కడా జరుగుతారు,
కాస్త జరగమని అడిగితే.

నాన్న గురించి మళ్ళీ రాయండి, అన్నాను.

మీరావలి పుస్తకం.
వాడి అక్షరాలకెప్పుడూ కాస్త గ్రీజు.
మొదటి వాక్యం:
అండర్ ద లారీ లే మై ఫాదర్.

ఫ్యాను చప్పుడు వినబడింది.
లారీ ముందొచ్చింది.
దాని కింద చీకటి.
ఒరిగిన ఒళ్ళు.
అన్నిటికన్నా చివర, మనిషి.
జాకీ జారిందని మొన్నొక వార్త చదివాను,
పేరు గుర్తులేదు.
వాడి వైపు చూశాను.
పెన్సిలు కొరుకుతున్నాడు.

కింద లైన్లో, మూడే మాటలు:
హీ వాజ్ స్లీపింగ్.

"ఎండ టీచర్. అక్కడ నీడంటే లారీ కిందే."
"పడుకున్నాడని ముందే రాయొచ్చుగా?"
"ముందే రాస్తే
టిక్కు పెట్టి వెళ్ళిపోతారుగా టీచర్ మీరు."

స్టాఫ్ రూంలో పెద్ద సారు పుస్తకం తిరగేసి
"లే ఎందుకమ్మా, వాజ్ చాలదూ?
దిద్దేవాడు ఎవడో ఏమో,
సబ్జెక్టు ముందు పెట్టించు, మార్కులు సేఫ్" అన్నాడు.
తలూపాను.
పిల్లల దగ్గరే నేర్చుకున్నాను అది.

ఒంటిపూట బడి.
పన్నెండున్నర బస్సు, కాలే కిటికీ కమ్మీ.
పటమట దాటేదాకా
ఒక్కో లారీ కిందకీ వంగి చూస్తూ వెళ్ళాను.
ఒకచోట, నీడ అంచున, రెండు పాదాలు.
బస్సు ఆగింది.
వేళ్ళు కదిలాయి.